పరీక్షా నివాసం

సోమవారం. తూర్పు గాలి.

ఆణి ఇవాళ నన్ను మొదటిసారి కసిరింది. నీళ్ల మీద తేలే మా ఇంటి లంగరు తాడుకు పట్టిన నత్తగుల్లలు గీకుతుంటే చాకు జారి నా వేలు తెగింది. "సూసుకోవా?" అని అరిచి, లోపలికి పరుగెత్తి గుడ్డపీలిక తెచ్చింది. గట్టిగా కట్టు కట్టి మళ్లీ తన పనిలో పడింది.

కసిరిందంటే నేనంటే భయం పోయిందన్నమాట. ఆ సంతోషంలో కాసేపు నొప్పి తెలియలేదు. తర్వాత ఇంకో దిగులు పట్టుకుంది. సుభాషిణి గారు వచ్చేసరికి ఈ కట్టు కనిపిస్తే? పిల్ల ఉన్న ఇంట్లో పదునైన వస్తువులు చేతికందేలా ఉన్నాయని రాసుకుంటే? చాకును బియ్యం డబ్బా వెనక దాచాను. మళ్లీ తీశాను. చాకు లేకుండా తాడు గీకలేను. గీకకపోతే తాడు బరువెక్కి తెగుతుంది. అదీ రాసుకుంటారు.

సుభాషిణి గారు ఉత్తర తీర రాష్ట్రపు శిశు శాఖ అధికారి. ఆణిని శిశుగృహం నుంచి పడవలో తెచ్చి నా గుమ్మంలో దింపింది ఆవిడే. మంచి మనిషి. కానీ ఆవిడ చేతిలో కలం ఉన్నంతసేపూ నాకు మాట పెగలదు.

భయం వేసినప్పుడు నేను రూల్సు రాసుకుంటాను. కాన్వెంటులో ప్రార్థనలు అలాగే నేర్చుకున్నాను.

ఉత్తర తీరం చట్టం ప్రకారం పెళ్లికాని స్త్రీ ఆడపిల్లను దత్తత తీసుకోవచ్చు. ముందు పరీక్షా నివాసం. అంటే శాఖ చూసి ఒప్పుకున్న ఇంట్లో, వానలు వెళ్లేదాకా, పిల్లా తనూ కలిసి ఉండాలి. తర్వాత అధికారి పిల్లను విడిగా కూర్చోబెట్టి, ఉంటావా అని అడుగుతారు. ఆ తర్వాత కోర్టు ఆదేశం. ఆదేశం వచ్చేదాకా ఆణి నా కూతురు కాదు, శాఖ నా దగ్గర ఉంచిన పిల్ల. ఈలోగా పిల్ల రాష్ట్రం సరిహద్దు దాటకూడదు. దాటితే నివాసం రద్దు. పిల్ల వెనక్కి వెళ్లిపోతుంది. దాటించినవాళ్లకు ఇంకే పిల్లనూ ఎప్పటికీ ఇవ్వరు.

సరిహద్దు మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. నీళ్ల మీద ఎర్ర డబ్బాల వరుస. డబ్బాలకు అటువైపు దక్షిణ తీరం. అక్కడి చట్టంలో నాలాంటి ఒంటరి స్త్రీకి దత్తత లేనే లేదు.

అంట్లు తోముతూ ఆణి ఆ డబ్బాలు లెక్కపెడుతుంది. నేను కిటికీ మూస్తే తెరుస్తుంది.

బుధవారం. గాలి లేదు.

పొద్దున్న గజ ఈతగాళ్లు మా కింద మునిగిన పాత ఊరి లైబ్రరీ నుంచి ఇంకో మూట పుస్తకాలు తెచ్చారు. వాటిని ఆరబెట్టడం నా పని. పేజీకీ పేజీకీ మధ్య వెదురుపుల్ల దూర్చి, నీడలో నిలబెట్టాలి. ఎండలో పెడితే పెళుసెక్కి విరిగిపోతాయి. ఆణికి చూపించాను. తన వేళ్లు నా వేళ్లకన్నా నెమ్మదిగా కదులుతాయి. ఒక్క పేజీ కూడా చింపలేదు.

మా ఊరి దానయ్య కూతురి పెళ్లి మధ్యాహ్నం. అందరం ఇళ్ల మధ్య వేసిన పలకల మీదుగా నడిచి వెళ్లాం. పెళ్లికొడుకు ఇంటిని తోసుకొచ్చి పెళ్లికూతురి ఇంటి పక్కన చేర్చారు. రెండు కుటుంబాలవాళ్లూ ఇళ్ల నడుములకు కొత్త తాళ్లు చుట్టి బిగించారు. మధ్య గోడలో తలుపు కోశారు. "అమ్మాయి అత్తోరింటికి ఎల్దేటి?" అని ఆణి అడిగింది. "ఇల్లే వచ్చింది కదా," అన్నాను. ఆణి నవ్వింది. అందులో నవ్వాల్సిందేమిటో నాకు అర్థం కాలేదు.

భోజనాలు కాకముందే నూకాలు పెద్దమ్మ నన్ను చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. పెద్దమ్మ మా పీపాలపేటకు తాళ్లపెద్ద. ఏ ఇల్లు ఎక్కడ కట్టాలో, ఊరు ఎప్పుడు కదలాలో తనే చెబుతుంది.

"ఇనుకో తల్లీ. కింద పాత నీళ్లటాంకీ స్తంభాలు పగిలిపోనాయి. ఈతగాళ్లు సూసొచ్చీసినారు. మన లంగర్లన్నీ ఆటికే కదా. పెద్ద గాలొత్తే ఊరంతా కొట్టుకుపోతాది. కొండ సాటుకి ఎల్లిపోవాల."

"ఏ కొండ, పెద్దమ్మా?"

అడిగాను గానీ నాకు తెలుసు. గాలికి అడ్డుపడే కొండ ఈ చుట్టుపక్కల ఒక్కటే. అది డబ్బాలకు అవతల ఉంది.

"నీ బాద నాకు తెల్దేటి? అందుకే ముందు నీకు సెప్తన్నాను," అంది.

శుక్రవారం. ఈశాన్యం నుంచి గాలి.

వైర్‌లెస్ బడి తెప్ప మీద ఉంది. మాట్లాడితే బడంతా వింటుంది. పిల్లలు బయటికి ఆడుకోవడానికి వెళ్లేదాకా ఆగి సుభాషిణి గారిని పిలిచాను. అడగాల్సినవి చీటీ మీద రాసుకున్నాను.

ఇల్లు సరిహద్దు దాటవచ్చా అని అడిగాను.

"పాప ఉన్న ఇల్లు దాటకూడదు సెలీనా గారూ. కోర్టు అనుమతి కావాలి. దరఖాస్తు నేను పెడతాను. కానీ బెంచి వానాకాలం సెలవుల తర్వాతే కూర్చుంటుంది."

ఊరు వెళ్లిపోయినా నా ఇల్లు ఒక్కటే ఇక్కడ ఆగవచ్చా అని అడిగాను.

"తుపానులో ఒంటరి తెప్ప మీద పాపనా? ఇల్లు క్షేమం కాదంటే ఆమోదం అప్పుడే పోతుంది."

దక్షిణ తీరంలో మళ్లీ దరఖాస్తు పెట్టవచ్చా అని అడిగాను. అక్కడ భార్యాభర్తలు ఇద్దరూ ఉండాలని గుర్తు చేశారు. చీటీలో ఇంకేమీ మిగల్లేదు. థాంక్స్ చెప్పి పెట్టేశాను. సెలవు తీసుకోకుండా పెట్టేసినందుకు తర్వాత చాలాసేపు బాధపడ్డాను.

ఆణి బయట తాడుచుట్ట మీద కూర్చుని ఉంది. ఎంత విందో తెలియదు.

ఆదివారం. ఈశాన్యం. గాలి పెరిగింది.

తాళ్ల పంచాయితీ. పెద్దతెప్ప మీద ఊరంతా కూర్చున్నారు.

మా ఊరి పద్ధతి ఇది. ఎవరింటి లంగరు ముడి వాళ్లే విప్పాలి. ఇంకొకరి చెయ్యి పడకూడదు. ఇళ్లన్నీ ఒకదానికొకటి కట్టి ఉంటాయి కాబట్టి ఆఖరి ముడి ఊడేదాకా ఊరు కదలదు. ఎవరినీ బలవంతంగా తీసుకెళ్లకూడదని, ఎవరినీ వదిలేసి వెళ్లకూడదని పాతకాలంలో పెట్టుకున్న కట్టుబాటు. ఇంతవరకు దానివల్ల ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఎవరూ విప్పనని అనలేదు.

పెద్దమ్మ ఇళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలిచింది. "ఇప్పుతాం" అని ఒక్కొక్కరే చెప్పారు. నా వంతు వచ్చింది. నేను కాన్వెంటు పిల్లలా వేలు పైకెత్తాను. ఎవరో నవ్వారు.

"కొంచెం గడువు కావాలి," అన్నాను. అది కూడా సగం మందికి వినిపించలేదు.

"ఏటంటంది?" అని వెనకనుంచి కేక.

"గడువు కావాలంట," అని పైడమ్మ అందరికీ వినిపించేలా చెప్పింది. పైడమ్మ ఇల్లు మా ఇంటి పక్కదే. "పెల్లి సేసుకోమంటే సిగ్గు. మాట్లాడమంటే సిగ్గు. పిల్లని మాత్రం గవర్మెంటు కాడికెల్లి తెచ్చీసుకుంది."

"పైడీ, నోరు ముయ్యి," అంది పెద్దమ్మ.

దానయ్య లేచాడు. నిన్నటిదాకా నన్ను చూస్తే తలవంచుకుని వెళ్లే మనిషి. "అమ్మా సెలీనా, నీ మీద నాకు కోపం నేదు. నిన్న కాక మొన్న పిల్లకి పెల్లి సేసినాను. ఇంటికి ఇల్లు కట్టినాను. ఒక్క ముడి కోసం అందరం మునగాలేటి? నువ్వే సెప్పు."

అతని మాటలో తప్పేమీ లేదు.

"ముడి దానిది. ఇప్పితే దాని సెయ్యే ఇప్పాల," అంది పెద్దమ్మ. "గురువారం దాకా సూద్దాం. గాలి ఆగుతాదేటో."

ఇంటికి వస్తుంటే పలకల మీద జనం దారి ఇచ్చారు. అలా ఎప్పుడూ ఇవ్వరు. మామూలుగా తోసుకుంటూ పోతారు.

మంగళవారం. నీళ్లు నల్లబడ్డాయి.

సుభాషిణి గారే పిలిచారు. ఒక దారి ఉందన్నారు. స్వచ్ఛంద అప్పగింత. ఊరు కదలకముందే పిల్లను నా అంతట నేను శాఖకు తిరిగి ఇచ్చేస్తే సరిహద్దు దాటించిన తప్పు నా మీద పడదు.

"తర్వాత మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు," అన్నారు.

"ఆణికేనా?"

"వరసలో మీ ముందు వేరే కుటుంబాలుంటాయి. ఏ పాప ఎవరికి వెళుతుందో నేను మాట ఇవ్వలేను."

"వేరేవాళ్లకి ఇచ్చేస్తారు."

"ఇవ్వాల్సి రావచ్చు."

"ఇది మూడోసారి అవుతుంది మేడమ్."

"తెలుసమ్మా," అన్నారు.

మొదటి ఇంటివాళ్లు తమకు సొంత బిడ్డ పుట్టగానే ఆణిని తెచ్చి ఇచ్చేశారు. రెండో ఇంటివాళ్లు ఆ పిల్ల దిండు కింద అన్నం దాస్తోందని ఇచ్చేశారు. నా దగ్గరా కొన్నాళ్లు దాచింది. నేను చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాను. దానంతట అదే మానేసింది.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. ముడి విప్పకపోతే దానయ్య కూతురు, పైడమ్మ, పెద్దమ్మ, బడి పిల్లలు, అందరూ పోతారు. ఆణి కూడా పోతుంది. విప్పి ఊరితో వెళితే ఆణిని లాక్కుంటారు, ఇక ఎప్పటికీ ఇవ్వరు. ముందే ఇచ్చేస్తే ఏదో ఒక రోజు ఇవ్వవచ్చు. ఇంకెవరికైనా కూడా ఇవ్వవచ్చు.

ఎన్నిసార్లు వేసినా ఇచ్చేయడమే మిగిలింది. సుభాషిణి గారికి కబురు పెట్టాను. గురువారం ఉదయం పడవ తీసుకొస్తానన్నారు.

బుధవారం. పెద్ద కెరటాలు.

ఆణికి చెప్పాలి. పుస్తకాల గదిలో నిలబడి ముందుగా అప్పచెప్పుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టినా రెండో వాక్యం రాలేదు.

అన్నం తిన్నాక చెప్పాను. గాలి గురించి, డబ్బాల గురించి, చట్టం గురించి. నా మీద కోపం తెచ్చుకోవచ్చని కూడా చెప్పాను. మధ్యలో ఏడవకూడదని అనుకున్నాను. ఏడవలేదు. దానివల్ల నా మాటలు ఎవరివో చదువుతున్నట్టు వినిపించాయి.

"రేపేనా?" అంది.

"రేపు పొద్దున్న."

లేచి వెళ్లింది. గౌను, దువ్వెన, గ్లాసు గోనెసంచిలో వేసుకుంది. చప్పుడు లేకుండా, త్వరగా. అలవాటైన పని. తర్వాత నా చీర మడతపెట్టి అదే సంచిలో పెట్టింది. నా కళ్లజోడు పెట్టె పెట్టింది. నా రెండో చీర కోసం దండెం మీదికి ఎగిరింది. అందలేదు.

"అది తీసీ," అంది నాతో.

"నావెందుకు?"

"నువ్వు రావేటి?"

"నేనెలా వస్తాను? ఇల్లు ఉంది కదా."

ఆణి నాకేసి చూసింది. బడిలో ఒకే లెక్కను పదిసార్లు తప్పు చేసిన పిల్లను టీచరు చూసే చూపు అది.

"ఇల్లు ఉంటాది. ఇల్లెప్పుడూ ఆడే ఉండిపోతాది. మనుసులే ఎల్తారు. ఇంకో ఇంటికి."

ఇక్కడ ఎవరూ అలా వెళ్లరు. పెళ్లయినా వెళ్లరు. చనిపోయినవాళ్ల ఇంట్లో ఆ రోజే వారసులు పక్క వేసుకుంటారు. ఇల్లు కదులుతుంది, మనిషి ఇంట్లో ఉంటాడు. నేను ఇంతకాలం ఇల్లు దాటవచ్చా, ఇల్లు ఆగవచ్చా అనే అడిగాను. ఇల్లు వదిలి నేను బయటికి రావచ్చు కదా అన్నది నా బుర్రకు తట్టలేదు. పెద్దమ్మకూ తట్టలేదు. నన్ను తిట్టుకున్నవాళ్లలో ఎవరికీ తట్టలేదు.

వానలో తడుస్తూ బడి తెప్పకు పరుగెత్తాను. లోపల పిల్లలున్నారు. ఉండనీ అనుకున్నాను.

"మేడమ్, ఇల్లు ఊరితో పోనిచ్చి, నేనూ ఆణీ మీ పడవ ఎక్కేస్తే?"

"రాష్ట్రంలోనే ఇంకో ఇంటికి మారవచ్చు," అన్నారు సుభాషిణి గారు. "పాప మీతోనే ఉంటుంది. కొత్త ఇల్లు తనిఖీ చేస్తాను. అంతే. గడువు కూడా మళ్లీ మొదలవదు. సెలీనా గారూ, మీరు మొదటి రోజే అది అడుగుతారనుకున్నాను. అడగలేదు. ఇల్లు వదలడం మీకు ఇష్టం లేదనుకున్నాను. అది మీ నిర్ణయం, నేను ఒత్తిడి చేయకూడదని ఊరుకున్నాను."

"వదలవచ్చని తెలియదు మేడమ్."

"వదలవచ్చని తెలియదా?" అని మళ్లీ అన్నారు. ఆవిడ నేల మీద పుట్టారు.

కానీ పడవ ఎక్కేలోపు గట్టున ఎవరో ఒకరు తమ ఇంట్లో మాకు చోటిస్తామని పూచీ పడాలి. గట్టున నాకు తెలిసింది సిస్టర్ బెనెడిక్ట ఒక్కరే. మా కాన్వెంటు ఒక పాత ఓడలో ఉండేది. ఓడ తుప్పు పట్టాక సిస్టర్లు గట్టుకు వెళ్లిపోయారు. ఆవిడకు ఉత్తరం రాసి చాలాకాలమైంది. కబురు పంపి, జవాబు కోసం వైర్‌లెస్ పక్కనే కూర్చున్నాను. ఎవరైనా సెట్టు ముట్టుకోబోతే లేచి నిలబడ్డాను. బడి పిల్లలు ఇంటికెళ్లిపోయారు. వెలుతురు తగ్గుతుండగా జవాబు వచ్చింది.

"మంచం ఒకటే ఉంది. ఇద్దరూ సన్నగా ఉంటే రండి. నువ్వు ఇప్పటికీ నెమ్మదిగానే తింటావా?"

గురువారం. గాలి ఆగలేదు.

పెద్దమ్మకు చెప్పాను. వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చెయ్యి ఎత్తింది, కొట్టేస్తుందనుకున్నాను.

"ఇల్లొగ్గీడవేటే? మీ యమ్మ పుట్టిన ఇల్లు! మనిసి లేని ఇంటిని ఊరు మొయ్యదు. కోసీసి వొదిలీడవే. సముద్రంలో అదొక్కర్తీ తిరుగుతుంటే నీకు బాగుంటాదేటి?"

"బాగుండదు పెద్దమ్మా."

"మరి?"

"ఆణి పోతే ఇంకా బాగుండదు."

పెద్దమ్మ చెయ్యి దించింది. అప్పటికే చుట్టూ జనం చేరారు. ఇల్లు వదిలే మనిషిని వాళ్లెప్పుడూ చూడలేదు. నన్ను చూడలేక కాళ్లకేసి చూస్తున్నారు.

"కొయ్యడవెందుకు?" అంది పైడమ్మ. "మా అత్త పడుకుంటాది అందులో. రోజూ నా పొయ్యి కాడ కూకుని సనుగుతాది. పీడ వొదిలిపోద్ది."

"పీడ నాక్కూడా వొదిలిపోద్దిలే," అంది వాళ్ల అత్త వెనకనుంచి. ముసలామె అప్పుడే చాప చుట్టి చంకలో పెట్టుకుని ఉంది. "సెలీనమ్మా, పుస్తకాలు నాను సూడను. నాకు రావు. తడవకుండా మాత్రం సూత్తాను."

మా ఊళ్లో ఎవరు పడుకుంటే ఇల్లు వాళ్లది. ఈ రాత్రి నా గదిలో ఆ చాప పరిచి పడుకున్న క్షణం నుంచి అది ఆవిడ ఇల్లు. "ఇంక ఇది ఆ మామ్మదేనా?" అని ఆణి అడిగింది. "రాత్రి నుంచి ఆవిడదే," అన్నాను.

మిగతా ముళ్లన్నీ అప్పటికే ఊడిపోయాయి. నాది ఉప్పుకు బిగిసిపోయింది. గోళ్లు విరిగాయి. సుభాషిణి గారి పడవ పక్కన కెరటాల మీద ఎగిరెగిరి పడుతోంది. అందరూ నా చేతులకేసి చూస్తున్నారు. ఆణి వచ్చి తాడు పట్టుకుంది. "వద్దమ్మా, ఇంటివాళ్లే విప్పాలి," అన్నాను.

"పట్టుకోనీ," అంది పెద్దమ్మ. "ఆ ఇంట్లో పడుకుంది కదేటి. ఇంటిదే."

ఇద్దరం లాగాం. ముడి ఊడింది.

ఊరు ముందు నెమ్మదిగా, తర్వాత వేగంగా దక్షిణానికి జారింది. మేం పడవలో ఉన్నాం. మా వంటింటి కిటికీ తెరిచే ఉంది. ముసలామె అందులోంచి చెయ్యి ఊపింది. ఎర్ర డబ్బాలు దాటేదాకా చూశాను. తర్వాత వానలో ఏ ఇల్లు ఏదో తెలియలేదు.

ఆదివారం. గాలి ఎటుందో ఇక్కడ తెలియడం లేదు.

నేల కదలదు. అందుకు నాకు కళ్లు తిరుగుతున్నాయి. రెండు రోజులుగా గంజి తప్ప ఏదీ కడుపులో ఆగలేదు. కాన్వెంటు వెనక ఒక గది ఇచ్చారు. కిటికీలోంచి గోడ కనిపిస్తుంది.

తుపాను నిన్న దాటింది. మా లంగర్లు కట్టిన నీళ్లటాంకీ స్తంభాలు కూలిపోయాయట. కొండ చాటున ఊరు క్షేమం. పెద్దమ్మ పిలిస్తే ఇళ్లన్నీ పలికాయని వైర్‌లెస్‌లో కబురు వచ్చిందని సిస్టర్ చెప్పారు. ముసలామె మా ఇంటి పేరుతో పలికిందట. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆణి వచ్చి నుదురు పట్టుకు చూసింది.

"ఇల్లు గుర్తొచ్చిందా?"

"అవును," అన్నాను. పిల్లలతో అబద్ధం ఆడకూడదని ఆ జవాబు ఇచ్చాను. తర్వాత తను మాట్లాడలేదు. ఆ రోజంతా మాట్లాడలేదు. అలా చెప్పి ఉండకూడదేమో.

సోమవారం. వానలు వెళ్లిపోయాయి.

ఇక్కడికొచ్చాక రోజూ రాయలేకపోయాను. సుభాషిణి గారు రెండుసార్లు వచ్చి గది చూశారు. పొయ్యి, నీళ్లు, తలుపు గడియ, అన్నీ సరిపోయాయి. మంచం ఇరుకని రాసుకున్నారు. సిస్టర్ ఇంకో మంచం తెప్పించారు. ఆణి దానిమీద పడుకోలేదు.

ఇవాళ ఆఖరి పని. పిల్లను విడిగా అడగడం. ఐదేళ్లు దాటిన పిల్ల ఒప్పుకోనిదే కోర్టు ఆదేశం ఇవ్వదు. ఆ సమయంలో నేను గదిలో ఉండకూడదు. ఏం చెప్పాలో ముందుగా నేర్పకూడదు. నేర్పలేదు. పొద్దున్న జడ వేస్తున్నప్పుడు కూడా ఆ మాట ఎత్తలేదు. ఆణి కూడా ఎత్తలేదు. ఇల్లు గుర్తొచ్చిందని నేను ఒప్పుకున్న రోజు నుంచి తను నాతో తక్కువే మాట్లాడుతోంది.

వరండాలో నిలబడ్డాను. ఒక్క మాటే కదా, ఇంతసేపు ఎందుకు పడుతోంది అనుకున్నాను. సిస్టర్ వచ్చి కుర్చీ వేసి వెళ్లారు. కూర్చోలేదు.

తలుపు తెరుచుకుంది. సుభాషిణి గారు ఒక్కరే బయటికి వచ్చి, వెనకే తలుపు మూశారు. మొహంలో నాకు ఏమీ దొరకలేదు.

"జవాబు ఇంకా చెప్పలేదు," అన్నారు. "ముందు నన్నే ఒక ప్రశ్న అడిగింది. తను ఉండనని చెబితే, ఆ మామ్మ మీ ఇల్లు మీకు తిరిగి ఇచ్చేస్తుందా అని."

మూసిన తలుపుకేసి చూశాను.

"నిజం తెలిస్తేగాని చెప్పనంటోంది. నాకు మీ ఊరి పద్ధతులు తెలియవు. ఇస్తుందా?"

ఒక మంచిమాట చెప్పాలనిపించింది. ఇల్లు నాకు వద్దని చెప్పమని, నాకు తనే కావాలని చెప్పమని అందామనుకున్నాను. అది నేర్పడం అవుతుంది. పైగా ఆవిడ అడిగింది అది కాదు.

"ఇవ్వదు," అన్నాను. "ఇవ్వాలనుకున్నా కుదరదు. ఆవిడ అందులో పడుకుంది. ఇక అది ఎప్పటికీ నాది కాదు."

"ఉన్నదున్నట్టు అదే చెబుతాను," అని లోపలికి వెళ్లారు.

ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. సుభాషిణి గారు కలం మూత పెడుతూ బయటికి వచ్చారు. "ఉంటానంది. నేను అలాగే రాసుకున్నాను. పై నెలలో ఆదేశం వస్తుంది." నా చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోవచ్చో లేదో అన్నట్టు ఆగి, చివరికి పట్టుకున్నారు.

లోపలికి వెళ్లాను. ఆణి మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చుని ఉంది.

"ఇల్లు రాదంట," అంది.

"రాదు."

"నువ్వు ఏడుత్తావేటి?"

"కొంచెం."

ఆణి గోడవైపు జరిగింది. మంచం మీద పక్కన చేత్తో తట్టింది.

"అయితే రా. ఇక్కడ కూకుని ఏడు."

వెళ్లి కూర్చున్నాను.